నాయన చదివిన యూనివర్సిటీ

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇంటర్ ముగించిన పిల్లలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరును మొదటిసారి శ్రద్ధగా చూసేది ప్రవేశ పరీక్ష దరఖాస్తులో. ‘లోకల్ ఏరియా’ అన్న గడిలో ‘ఎస్వీయూ’ అని నింపాలి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కాలేజీ ప్రవేశాల కోసం మూడు ప్రాంతాలుగా విడదీసి, వాటికి మూడు విశ్వవిద్యాలయాల పేర్లే పెట్టింది: ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు పిల్లలకే దక్కాలి. రాయలసీమలోని అప్పటి నాలుగు జిల్లాలూ నెల్లూరూ ఎస్వీయూ ఏరియా. రాష్ట్రం మొత్తానికి ఒక్కటే ఉన్న విద్యాసంస్థల్లో పంపకం 42:36:22 లెక్కన జరిగేది. అందులో చివరి 22 మన పిల్లల వాటా. ఆ విశ్వవిద్యాలయం గడప ఎన్నడూ తొక్కని విద్యార్థికి కూడా దాని పేరు సీటు లెక్కలో ఒక భాగమైపోయింది.

ఆ గడి నింపే వేళ పక్కన కూర్చున్న తండ్రి ‘మేము చదివింది ఆడే కదరా’ అని మొదలుపెడతాడు. తల్లి కూడా తిరుపతిలో చదివి ఉంటే ఆమె చెప్పే సంగతులు వేరే ఉంటాయి. తర్వాత ఎప్పుడో తిరుమల కొండకు వచ్చినప్పుడు, దర్శనమయ్యాక రైలుకు ఇంకా టైముంటే, ఆటో బాలాజీ కాలనీ వైపు మళ్లుతుంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి వచ్చేవాళ్లు ఇట్లా మళ్లుతారు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మొక్కు చెల్లించుకోవడానికి వచ్చినవాళ్లూ మళ్లుతారు. పరిపాలనా భవనం, శ్రీనివాసా ఆడిటోరియం, తాము కూర్చున్న క్లాసు, హాస్టలు, వెనకాల శేషాచలం కొండలు. పదిహేడేళ్ల పిల్లో పిల్లవాడో వెంట నడుస్తూ ఫోటోలు తీసుకుంటారు. అరగంటలో అయిపోతుంది.

అమెరికాలో కాలేజీకి దరఖాస్తు పెట్టేముందు పిల్లలను వెంటబెట్టుకొని నాలుగైదు విశ్వవిద్యాలయాలు చూసి రావడం మామూలు. అక్కడి తెలుగు కుటుంబాలకూ అది అలవాటైంది. ఎక్కడ చేరాలో తేల్చుకోవడానికి వాళ్లు చూస్తారు. మన దగ్గర ఎక్కడ చేరాలన్నది ర్యాంకు తేలుస్తుంది, కౌన్సెలింగ్ తేలుస్తుంది. కాబట్టి తిరుపతిలో జరిగే ఈ నడక ఎంపిక కోసం కాదు. తన వయసులో నాయన ఎట్లా ఉండేవాడో, అమ్మ ఎక్కడ తిరిగేదో బిడ్డకు చూపించడానికి. మంచి పనే. కానీ హాస్టల్ గది కిటికీ కంటే ముందు ఆ పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఒకటి మిగిలిపోతోంది. ఆ గడ్డ మీద విశ్వవిద్యాలయం ఎట్లా వచ్చింది? నాయన కంటే ముందుతరం, ఆయన నాయన, ఎక్కడికి పోయి చదివేవాడు?

రెండో ప్రశ్నకు జవాబు ఒక్కటే. మద్రాసు.

1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయమే దాదాపు నూరేళ్లపాటు ఈ ప్రాంతానికి పట్టాలిచ్చింది. చిత్తూరు 1911 ఏప్రిల్ 1న జిల్లాగా ఏర్పడింది. దానికి ముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉండేది. చదువుల దారి కూడా ఆ ఆర్కాటు భూగోళాన్నే అనుసరించేది. సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువు సాగిన తీరు చూస్తే ఆ దారి స్పష్టంగా కనిపిస్తుంది. 1888లో తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదివి, అక్కడినుంచి వేలూరు ఊరీస్ కాలేజీకి, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. తిరుపతి, వేలూరు, మద్రాసు: ఒక్కో మెట్టుకు ఒక్కో ఊరు మారాలి, ఇంటికి మరింత దూరం కావాలి. స్తోమత ఉన్నవాళ్లో, స్కాలర్‌షిప్ దొరికినవాళ్లో, దూరపు బంధువుల ఇంట్లో ఒక మూల దొరికినవాళ్లో ఆ మెట్లెక్కారు. మిగతావాళ్ల చదువు హైస్కూలుతోనో అంతకన్నా ముందో ఆగిపోయింది.

ఇక్కడే పెట్టిన కాలేజీలు లేకపోలేదు. మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో దివ్యజ్ఞాన కళాశాల స్థాపించారు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు అది. హోంరూల్ రోజుల్లో ఆ కాలేజీ కొంతకాలం మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపును కూడా పోగొట్టుకుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. జనగణమనకు టాగూర్ తన చేత్తో ఇంగ్లీషు అనువాదం రాసింది మదనపల్లెలోనే. ఆ పాట బాణీని స్వరాల్లోకి ఎక్కించడంలో కజిన్స్ భార్య మార్గరెట్ తోడ్పడ్డారు. ఒక చిన్న ఊరి కాలేజీకి ఇంత చరిత్ర ఉందని ఈ ప్రాంతపు పిల్లల్లో చాలామందికి తెలియదు. చూపించాల్సిన చోటు అదీ. 1916లో అనంతపురంలో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ వచ్చింది. రాధాకృష్ణన్ కొంతకాలం అక్కడ పాఠం చెప్పారు కూడా. కాలేజీలైతే వచ్చాయి గాని, పరీక్ష పెట్టేది, పట్టా ఇచ్చేది, సిలబస్ నిర్ణయించేది మాత్రం మద్రాసే.

1926లో తెలుగువాళ్లకంటూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కట్టమంచి అంటే చిత్తూరు ఊరి అంచునే ఉంటుంది. కేంబ్రిడ్జిలో చదివిన మనిషి, బెజవాడలో మొదలైన ఆ సంస్థను వాల్తేరు తీరాన నిలబెట్టిన మనిషి. ప్రభుత్వ దమన విధానానికి నిరసనగా ఆయన రాజీనామా చేస్తే, 1931లో ఆ కుర్చీలోకి వచ్చింది రాధాకృష్ణన్. తిరుత్తణి అప్పట్లో చిత్తూరు జిల్లాలోనే ఉండేది, 1960లో గాని మద్రాసు రాష్ట్రానికి వెళ్లలేదు. 1936లో మళ్లీ కట్టమంచి వచ్చి 1949 దాకా ఉన్నారు. అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని దాని తొలి 23 ఏళ్లూ నడిపింది చిత్తూరు జిల్లా బిడ్డలిద్దరు. వాళ్ల సొంత జిల్లా పిల్లలు మాత్రం ఆ విశ్వవిద్యాలయపు పిల్లలు కాలేకపోయారు. కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగాదాలో సీమకు వాల్తేరు ఇష్టం కాలేదు. చిత్తూరు నుంచి విశాఖకు దాదాపు 800 కిలోమీటర్లు. మద్రాసు 150 కిలోమీటర్ల దరిదాపుల్లోనే. సీమ కాలేజీలు చివరకు మద్రాసు కిందే ఉండిపోయాయి. సీమవాళ్లకు తెలుగు మీద ప్రేమ తక్కువై అట్లా చేశారని అప్పట్లో అన్నవాళ్లున్నారు. ఆ మాట అన్యాయం. పిల్లవాడిని రెండు రాత్రుల ప్రయాణంలో ఉంచాలా, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంటికి చేరేచోట ఉంచాలా అన్నది ఏ తల్లిదండ్రులకైనా వచ్చే ఆలోచనే.

ఆ గాయం శ్రీబాగ్ ఒడంబడికలోకి ఎక్కింది. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ఒక వైపు, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు మరో వైపు. ఇప్పటి రాజకీయ సభల్లో శ్రీబాగ్ అంటే రాజధాని, హైకోర్టు, నదీజలాలు అన్న మూడు మాటలే వినబడతాయి. కానీ ఆ పత్రంలో విశ్వవిద్యాలయం సంగతి కూడా ఉంది. వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా ఒక విద్యాకేంద్రం నెలకొల్పాలని, అన్నీ ఒకేచోట పోగుపడకూడదని అందులో ఒప్పుకున్నారు. చదువు కూడా నీళ్లలాగే వాటా అడగాల్సిన వస్తువని సీమ పెద్దలు గుర్తించిన రోజు అది. ఈ ఒక్క కారణం చేతనైనా శ్రీబాగ్‌ను బడిపిల్లలకు చెప్పాలి.

అనంతపురం అనుకున్నది తిరుపతి ఎట్లా అయింది? జవాబు కొండ మీద ఉంది.

1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణను హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. తొంభై ఏళ్లు వాళ్లే చూశారు. వాళ్ల కాలంలోనే తిరుపతిలో సంస్కృత పాఠశాల, హైస్కూలు వచ్చాయి. వేలూరులో కూడా దేవస్థానం బడి నడిచింది. తిరుపతి సంస్కృత కళాశాలలో చదువుకున్నవాళ్లలో పుట్టపర్తి నారాయణాచార్యులు ఒకరు. చిన్నతనంలోనే ఆయన రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు పాఠ్యపుస్తకంగా ఉంది. తన కావ్యం మీద తానే పరీక్ష రాసిన విద్యార్థి తెలుగునాట మరొకరు దొరకరేమో.

1933లో మహంతుల పాలన ముగిసి, మద్రాసు శాసనసభ చేసిన చట్టం ప్రకారం తిరుమల తిరుపతి దేవస్థానాల కమిటీ వచ్చింది. అప్పటినుంచి హుండీ సొమ్ములో కొంత చదువుల వైపు నిలకడగా మళ్లింది. 1939లో ప్రాచ్య పరిశోధన సంస్థ, 1945లో శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల, 1952లో ఆడపిల్లలకు పద్మావతి కళాశాల. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచాక యాత్రికుల రాక పెరిగింది, దేవస్థానం రాబడీ పెరిగింది. కాలినడకన ఎక్కే భక్తుడు సమర్పించిన అణా, ఆ తర్వాత బస్సులో ఎక్కిన భక్తుడు వేసిన రూపాయి, రెండూ కొండ దిగి క్లాసు గదులయ్యాయి. 1953 నాటికి రాయలసీమలో మరే ఊరికీ లేని మూడు వసతులు తిరుపతికి ఒక్కచోట ఉన్నాయి: నడుస్తున్న కాలేజీలు, ఖాళీ స్థలం, ఏటేటా నిలకడగా వచ్చే రాబడి.

ఆ ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. కర్నూలులో ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. ఖజానాలో డబ్బు లేదు, రాజధానిలో ఇళ్లు లేవు. అట్లాంటి ప్రభుత్వం, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా, మొదటి ఏడాది తిరగకముందే ఒక విశ్వవిద్యాలయం పెట్టింది. 1954 సెప్టెంబర్ 2న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. దేవస్థానం సుమారు వెయ్యెకరాల స్థలం ఇచ్చింది, నిధులిచ్చింది. ఆచార్య ఎస్. గోవిందరాజులు నాయుడు మొదటి వైస్ చాన్సలర్. రెండు నెలలకే, నవంబర్ 6న, మద్యనిషేధం వివాదంలో అవిశ్వాస తీర్మానం నెగ్గి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. కొద్దిగా ఆలస్యమై ఉంటే ఆ విశ్వవిద్యాలయం కాగితం ఎన్నేళ్లు ఏ బల్ల మీద పడి ఉండేదో ఎవరికి తెలుసు? ప్రకాశం జీవితంలో సైమన్ కమిషన్ రోజున తుపాకులకు ఎదురు నిలిచిన ఘట్టాన్ని అందరూ చెబుతారు. ఆయన చేసిన పనుల్లో తరతరాల ఇళ్లను మార్చింది తిరుపతిలో జరిగిన ఈ పనే అనిపిస్తుంది.

అనంతపురానికి ఇక్కడ అన్యాయం జరిగిన మాట దాచకూడదు. ఒప్పందంలో పేరున్న ఊరు అది. ఇంజనీరింగ్ కాలేజీ దక్కినా, సొంత విశ్వవిద్యాలయం కోసం ఆ ఊరు 1981 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆలయం సొమ్ముతో విశ్వవిద్యాలయం అంటే మతం చదువు అనుకోవడానికి ఆస్కారముంది. ఇక్కడ అట్లా జరగలేదు. దేవుడి పేరు పెట్టుకున్న చోట భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జంతుశాస్త్రం, అర్థశాస్త్రం విభాగాలు బలంగా పెరిగాయి. 1959లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఊళ్లో 1955లో పశువైద్య కళాశాల, 1960లో వైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల వచ్చాయి. దేవస్థానం 1961లో ఢిల్లీలో కూడా శ్రీ వేంకటేశ్వర కళాశాల పెట్టింది. రాజధానిలో చదువుకునే ఉత్తరాది పిల్లలు ‘వెంకీ’ అని పిలుచుకునే కాలేజీ అదే. భారత సైన్స్ కాంగ్రెస్ రెండుసార్లు తిరుపతికి వచ్చింది, 1983లో ఒకసారి, 2017 జనవరిలో మరోసారి. పాకాల దగ్గరి గాదంకిలో 1990లలో వాతావరణ పరిశోధన కోసం పెద్ద రాడార్ కేంద్రం ఏర్పడ్డాక ఈ ప్రాంతపు భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆకాశాన్ని చదివే పని ఇంటి పక్కనే దొరికింది.

పిల్లలతో క్యాంపస్‌లో తిరిగేవాళ్లు తప్పకుండా ఆగాల్సిన చోటు ప్రాచ్య పరిశోధన సంస్థ. దేవస్థానం పెట్టిన ఈ సంస్థ 1956లో విశ్వవిద్యాలయంలో కలిసింది. తాళపత్రాలు, పాత ప్రతులు ఇక్కడ దాచారు. అన్నమయ్య సంకీర్తనల కథకూ ఈ సంస్థతో సంబంధముంది. తిరుమల ఆలయంలో ఒక అరలో రాగిరేకుల మీద దాదాపు నాలుగు వందల ఏళ్లు మూగగా పడి ఉన్న పాటలు అవి. దేవస్థానం శాసనాల మీద పనిచేసిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటిని వెలికి తెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రి తిరుపతికి వచ్చి చివరి ఊపిరి దాకా, 1950 ఆగస్టు దాకా, వాటిని పరిష్కరించారు. ఆ తర్వాత ఆ పనిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ భుజానికెత్తుకున్నారు. వేల సంకీర్తనలు అట్లా బయటికొచ్చాయి. ఇవాళ ప్రతి ఇంట్లో వినిపించే అన్నమయ్య ఆ రేకుల నుంచి ఇట్లాంటి పండితుల కళ్ల మీదుగా వచ్చినవాడే. పాటల పోటీల్లో ఆ కీర్తనలు పాడే డాలస్ పిల్లకు ఈ సంగతి చెబితే, ఆ క్యాంపస్ అమ్మ కాలేజీ మాత్రమే కాకుండా తన పాట పుట్టిల్లు కూడా అవుతుంది.

సీమ తనను తాను చదువుకోవడం కూడా ఇక్కడే మొదలైంది. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి పరిశోధనకు ఎంచుకున్న విషయం కడప జిల్లా ఊర్ల పేర్లు. పల్లె పేరుకు వెనక ఏ చెరువుంది, ఏ కులం ఉంది, ఏ దేవర ఉందన్నది విశ్వవిద్యాలయంలో పరిశోధనాంశం కావడం అప్పటి సీమకు చిన్న విషయం కాదు. మద్రాసులో ఆ పని జరిగేదా? చిత్తూరు జిల్లాలోనే పుట్టిన భాషాశాస్త్రవేత్త జి.ఎన్. రెడ్డి ఇక్కడ తెలుగు ఆచార్యుడై, వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. ఆయన కూర్చిన తెలుగు పర్యాయపద నిఘంటువు రచయితల బల్లల మీద ఇప్పటికీ ఉంటుంది. ఊళ్లోని ఆర్ట్స్ కాలేజీలో తెలుగు చెప్పిన త్రిపురనేని మధుసూదనరావు చుట్టూ విప్లవ సాహిత్యం మీద వాడిగా వాదించే విద్యార్థుల తరమొకటి తయారైంది. కొండ మీద గోవిందనామాలు, కొండ కింద మార్క్సు మీద చర్చలు: తిరుపతికి ఈ రెండూ కొత్త కాలేదు.

1970ల తిరుపతి గురించి నాయనలు పిల్లలకు ఎక్కువగా చెప్పేది రాజకీయమే. నారావారిపల్లె నుంచి వచ్చిన చంద్రబాబునాయుడు ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ, విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎంఏ చదివారు, విద్యార్థి రాజకీయాల్లో తిరిగారు. గుల్బర్గాలో వైద్యం చదివిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇక్కడి వైద్య కళాశాలలో హౌస్ సర్జన్‌గా ఉండి, హౌస్ సర్జన్ల సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1978లో ఇద్దరూ మొదటిసారి శాసనసభకు వెళ్లారు. ఇద్దరూ ముఖ్యమంత్రులయ్యారు. ఒకే ఊరి విద్యార్థి వాతావరణం నుంచి రాష్ట్రాన్ని ఏళ్ల తరబడి ఎదురుబొదురుగా నిలబడి నడిపిన ఇద్దరు నాయకులు రావడం విశేషమే. అయినా ఆ ఊరు చేసిన అసలు పని ఈ పేర్లలో లేదు. చెనిక్కాయల చేను, చెరుకు గానుగ, రెండు పాడి ఆవులు ఉన్న ఇంటి నుంచి రేకుపెట్టె పట్టుకొని బస్సు దిగిన కుర్రవాడు, మూడేళ్లకో ఐదేళ్లకో లెక్చరరో, బ్యాంకు ఉద్యోగో, గ్రూప్ వన్ అధికారో అయి వెళ్లడంలో ఉంది. వేలమంది అట్లా వెళ్లారు. ఆ ఇళ్లలో అక్షరం వచ్చిన మొదటి తరానికి పట్టా వచ్చిన మొదటి తరం వెంటనే తోడైంది.

ఆడపిల్లల సంగతి ఇంకొంచెం విడిగా చెప్పాలి. కొడుకును మద్రాసు పంపిన ఇల్లు కూడా కూతురిని పంపేది కాదు. 1952లో పద్మావతి కళాశాల వచ్చాక ‘దేవుడి కాలేజీ, దేవుడి హాస్టలు’ అన్న ధైర్యంతో పల్లెల్లోని తండ్రులు బిడ్డలను పంపారు. ఆలయం పేరు అక్కడ చేసిన మేలు ఏ ప్రచారమూ చేయలేనిది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, అందులో చేరేందుకు ఒక తరం ఆడపిల్లలు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఇవాళ క్యాంపస్ చూపించే తల్లులు ఆ తరం వాళ్లు, ఆ తర్వాతి తరం వాళ్లు. తండ్రి చెప్పే కథల్లో ఎన్నికలూ సినిమాలూ ఉంటాయి. తల్లి చెప్పే కథలో ఆ హాస్టల్లో చేరడానికి ఇంట్లో ఎన్నాళ్లు ఏడ్చి ఒప్పించిందో ఉంటుంది. రెండోదాన్ని పిల్లలు ఎక్కువసేపు వింటారు.

ఒక్క విశ్వవిద్యాలయం కాలక్రమంలో చాలా అయింది. అనంతపురంలోని పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా విడివడింది. కడప కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. 2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2005లో తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం, మరుసటి ఏడాది వేద విశ్వవిద్యాలయం. తిరుపతిలోని సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన హామీలతో 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ తిరుపతికి వచ్చి ఏర్పేడు వైపు స్థిరపడ్డాయి.

ఆ ఏర్పేడు రోడ్డే ఇప్పుడు పిల్లల కళ్లలో ఉంది. తండ్రి ఎస్వీయూ చూపిస్తుంటే కొడుకు ‘ఐఐటీ ఇక్కడికి ఎంత దూరం?’ అని అడుగుతాడు. అడగడంలో తప్పు లేదు. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అన్న దారి 1990ల నుంచి ఎంత బలంగా పడిందంటే ఎంఏ, ఎమ్మెస్సీలు చాలా ఇళ్ల లెక్కలోంచే పోయాయి. ఒకప్పుడు తిరుపతిలో సొంత ప్రవేశ పరీక్ష రాసి పీజీలో చేరేవాళ్లు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పీజీ సెట్. మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఏళ్ల తరబడి శాశ్వత అధ్యాపక నియామకాలు జరగలేదు. పదవీ విరమణ చేసినవాళ్ల కుర్చీల్లో తాత్కాలిక ఉపాధ్యాయులు కూర్చుని పాఠాలు నెట్టుకొస్తున్నారు. పాత విభాగం వరండాలో నిలబడ్డ పూర్వ విద్యార్థికి ఏదో వెలితిగా అనిపిస్తే, ఆ వెలితి భవనం పాతబడినందుకు వచ్చింది కాదు. పాఠం చెప్పేవాళ్లు తగ్గినందుకు వచ్చింది.

ఇది వయసు మీదపడిన సంస్థకు సహజంగా వచ్చే క్షీణత అని సరిపెట్టుకోలేం. మద్రాసు విశ్వవిద్యాలయం దీనికన్నా దాదాపు నూరేళ్లు పెద్దది. ఆ నూరేళ్లు సీమ పిల్లలు దాని వాకిట్లో నిలబడ్డారు, ఒప్పందం రాసుకొని పదిహేడేళ్లు ఎదురుచూశారు, భక్తుల కానుకలతో సొంత ఇల్లు కట్టుకున్నారు. ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టలేని పల్లె ఇళ్లు కుప్పం నుంచి సూళ్లూరుపేట దాకా ఇప్పటికీ ఉన్నాయి. సైన్సులోనో సాహిత్యంలోనో పరిశోధన చేయాలనుకునే ఆ ఇళ్ల బిడ్డకు తక్కువ ఖర్చులో దొరికే చోటు ఇప్పటికీ ఇదే.

కాబట్టి ఈ వేసవిలో పిల్లలతో కొండకు వచ్చే పూర్వ విద్యార్థులు అరగంటకు బదులు ఒక పూట కేటాయించండి. ప్రాచ్య పరిశోధన సంస్థ చూపించండి. వీలైతే మదనపల్లె కాలేజీ దాకా వెళ్లండి. మీ పాత విభాగంలోకి వెళ్లి ఎన్ని అధ్యాపక పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో అడిగి రాసుకోండి. ఇంటికెళ్లాక ఆ లెక్కతో మీ శాసనసభ్యుడికి ఒక ఉత్తరం రాయండి, దాని మీద మీ బిడ్డ చేత కూడా సంతకం పెట్టించండి.